సిరాబుడ్డి ఇళ్ళు

స్వీడన్ వెళ్ళిన కొత్తలో ఒకరోజు టీలో పెరుగు పోసుకున్నాను. తెలిసి కాదు. అక్కడ పాలూ పెరుగూ ఒకే రకం అట్టడబ్బాల్లో అమ్ముతారు. ఫిల్‌మ్యోల్క్ అని రాసి ఉంటే, చివర్లో ఉన్న మ్యోల్క్ అంటే పాలే కదా అని తెచ్చుకున్నాను. టీ ఫట్‌మని విరిగింది. మా కారిడార్లో ఉండే నల్లగొండ అన్న చూసి పగలబడి నవ్వి, "అది మనకు మజ్జిగ తమ్మీ, అన్నంల పోసుకో" అన్నాడు. ఆ ఏడాదంతా నన్ను బతికించింది ఆ డబ్బా పెరుగూ, అమ్మ కట్టిచ్చిన పప్పుల పొడీనే.

అది 2012 ఆగస్టు. ఎక్స్చేంజి స్టూడెంటుగా లూలియో అనే ఊరికి వెళ్ళాను. స్వీడన్ పటంలో పైపైకి పోతే, ఉత్తర ధ్రువ వృత్తానికి ఓ వంద కిలోమీటర్లు ఇవతల, సముద్రం ఒడ్డున కనిపిస్తుంది. చదువు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, పాసయ్యాను. నేను నిజంగా వెళ్ళింది ఆకాశం కోసం. నార్తర్న్ లైట్స్, అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు, అరోరా అని కూడా అంటారు. దాని ఫోటోలు తీయాలి, అంతే. ఊరు వదిలి పోతున్న ఒక జర్మన్ అబ్బాయి దగ్గర క్యానన్ 550డి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దాంతోపాటు వచ్చే మామూలు 18-55 లెన్సే. ట్రైపాడ్ మాత్రం అగ్గువలో దొరికిందని ఇంకో చోట కొన్నాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

మొదటిసారి అరోరా చూసింది అక్టోబరులో, హాస్టలు వెనక నీళ్ళ ఒడ్డున. నిజం చెప్పాలంటే నాకు అది అరోరా అనే తెలియలేదు. పల్చటి తెల్ల మబ్బు, పొయ్యి పొగలాగ ఒక వార సాగి ఉంది. అన్న "తియ్, తియ్" అని తొందరపెడితే పదిహేను సెకన్లు షట్టరు తెరిచి ఉంచాను. కెమెరా తెర మీద చూస్తే పచ్చగా మెరిసిపోతోంది. తలెత్తితే మళ్ళీ ఆ పొగే. ఆకాశంలో నూరు కిలోమీటర్ల పైన ఆక్సిజన్ వదిలే పచ్చ వెలుగు అది. చీకట్లో మన కంటికి రంగు సరిగ్గా అందదు. కెమెరా పదిహేను సెకన్ల వెలుగంతా పోగేసి చూపిస్తుంది. బాగా బలంగా వచ్చిన రోజు కంటికీ పచ్చగానే కనిపిస్తుంది, అలాంటి రాత్రులు తర్వాత చూశాను. కానీ మీరు చూసే ఫోటోల్లో సగం, తీసినవాడి కంటికి అలా కనబడినవి కావు. నావి కూడా అంతే. ఫేస్‌బుక్‌లో పెట్టినప్పుడు ఆ ముక్క చెప్పలేదు మరి.

ఆదివారాలు స్కైపులో అమ్మతో మాట్లాడేవాడిని. చలికాలంలో మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటల తేడా. ఫోటోలన్నీ చూపిస్తే అమ్మ ఓపిగ్గా చూసి, "ఆకాశం బాగుండాది నాయనా. ఆడ మనుషులుండే ఇండ్లు ఎట్లుంటాయి? ఒక ఇల్లన్నా తియ్యరా" అనేది. ఇంటి ఫోటో ఎవడు తీస్తాడమ్మా, అనేవాడిని.

నవంబరులో మంచు పడింది. మంచుతో పాటు పాఠాలు మొదలయ్యాయి. ఒక రాత్రి బయట మైనస్ 15లో తిరిగి తిరిగి వంటగదిలోకి వచ్చాను. బల్ల మీద పెట్టిన నిమిషంలో కెమెరా ఒళ్ళంతా తెల్లటి పొర. తుడుస్తుంటే మళ్ళీ పడుతోంది. అన్న చెయ్యి పట్టుకొని ఆపాడు. "తుడవకు, లోపల గూడ తేమ పట్టి ఆగమైతది. బయటనే కవర్ల పెట్టి మూతి కట్టి తేవాలె. తేమంత కవరు మీద పడ్తది, కెమెరా మీద గాదు." అప్పటి నుంచి అమ్మ పచ్చడి సీసాలకు చుట్టి పంపిన కర్నూలు బట్టల కొట్టు కవరే నా కెమెరాకు దుప్పటి. దాని మీద పట్టుచీర కట్టుకున్న అమ్మాయి బొమ్మ. మంచులో నిలబడి ఆ అమ్మాయిని మడత విప్పుతుంటే స్వీడన్ వాళ్ళు వింతగా చూసేవాళ్ళు.

ఇంకో పాఠం మాత్రం ఆలస్యంగా నేర్చుకున్నాను. మంచును ఫోటో తీస్తే తెల్లగా రాదు, బూడిదలాగ వస్తుంది. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు దేన్ని చూసినా నడిమి రంగుకే తెద్దామని చూస్తుంది. ఫ్రేమంతా మంచే అయితే, అబ్బో వెలుగెక్కువ అనుకొని తగ్గించేస్తుంది. మనమే ఒక స్టాపో, ఒకటిన్నరో పెంచుకోవాలి. ఒక స్టాపు పెంచడమంటే వెలుగు రెట్టింపు చేయడం. ఇది నాకు తెలిసింది ఫిబ్రవరిలో. నేను చెప్పబోయేది డిసెంబరు సంగతి.

పరీక్షలు అయిపోగానే ఇంకా ఉత్తరాన ఉన్న ఆబిస్కో అనే ఊరికి బయల్దేరాం. నేనూ అన్నా, ఇంకో ఇద్దరు. ఆబిస్కో ఎందుకంటే అక్కడ ఆకాశం తెరిపిగా ఉంటుంది. పడమటి నుంచి వచ్చే తేమనంతా నార్వే కొండలు ముందే పిండేసుకుంటాయి. ఇవతలి వాలున ఉన్న ఆబిస్కోలో వానా మంచూ కలిపి ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్లే. కరువుకు పేరుమోసిన మా పక్క అనంతపురంలో అంతకన్నా ఎక్కువే పడుతుంది! ప్రపంచంలో ఎక్కడికి పోయినా రాయలసీమ వాడికి వాన కురవని ఊరే రాసిపెట్టి ఉంటుంది కాబోలు.

రైలు బూదెన్ దాటి, యెల్లివారె దాటి, కిరునా మీదుగా పోతుంది. మధ్యలో ధ్రువ వృత్తం దాటేటప్పుడు అందరం కిటికీకి ముక్కులు ఆనించాం. చీకట్లో చెట్లు తప్ప ఏమీ కనబడలేదు. ఆ లైను వేసిందే ఇనుప ఖనిజం కోసం. కిరునా గని నుంచి నార్వేలోని నార్విక్ రేవు దాకా 1903లో అధికారికంగా ప్రారంభించారు. నార్విక్ అంత ఉత్తరాన ఉన్నా వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల అక్కడి నీళ్ళు గడ్డకట్టవు. లూలియో రేవుకు మాత్రం చలికాలమంతా మంచు పగలగొట్టే ఓడలు కావాలి. మా రైలు పక్కదారిలో ఆగి దారి ఇచ్చినప్పుడల్లా, ఒక్కోటి అరవై ఎనిమిది వ్యాగన్లతో ఖనిజం రైళ్ళు పోయేవి. లెక్కపెట్టడం తప్ప ఇంకేం పని.

ఆబిస్కోలో రెండు రాత్రులు మబ్బు. వాన పడదని చెప్పినవాళ్ళు మబ్బు పట్టదని చెప్పలేదు కదా అని అన్న మీద ఎగిరాను. మూడో రాత్రి తెరుచుకుంది. టోర్నెట్రెస్క్ సరస్సు ఒడ్డుకు పరిగెత్తాం. దక్షిణాన లాప్‌పోర్టెన్ అని రెండు కొండల మధ్య నున్నటి పెద్ద లోయ, ఎవరో గరిటెతో తోడి తీసినట్టు. దాని మీద నుంచి లేచింది. ఈసారి పొగ కాదు. పచ్చటి తెర అంచున గులాబీ రంగు పరిగెడుతోంది. మేం నలుగురం నాలుగు రకాలుగా అరిచాం.

అగ్గువ ట్రైపాడ్ అప్పుడే తన గుణం చూపించింది. మైనస్ ఇరవై దాటిన చలిలో దాని కాలు బిగించే ప్లాస్టిక్ క్లిప్పు చిటుక్కున విరిగింది. మంచులో గుంత తవ్వి, కాలు పాతి, చుట్టూ అదిమి నిలబెట్టాను. బ్యాటరీ పది నిమిషాలకోసారి పడిపోతోంది. మూడు బ్యాటరీలు బనియన్ లోపల పెట్టుకున్నాను. చచ్చిపోయిందనుకున్నది ఒంటి వేడికి కాసేపు ఉంచితే ఇంకో పది ఫోటోలకు లేచి కూర్చుంటుంది. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి ఊపిరి పీల్చినప్పుడల్లా గుచ్చుకుంటున్నాయి. అయినా అరవై మూడు ఫోటోలు తీశాను.

గదికి వచ్చి పెద్దగా చేసి చూస్తే అరవై మూడూ మసక. ఆ లెన్సు మీద దూరాల గీతలు ఉండవు. దూరంగా ఉన్న దీపం మీద ఫోకస్ కుదిర్చి, రింగు కదలకుండా టేపు వేయాలి. నేను టేపు వేయలేదు. ఏదో ఒక క్షణంలో గ్లౌజు తగిలి రింగు తిరిగింది. నక్షత్రాలన్నీ బూందీ గింజల్లా ఉబ్బి ఉన్నాయి. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. నవ్వొస్తుంది గానీ, నిజంగా తినలేదు.

తిరుగు ప్రయాణంలో లైను మీద ఏదో ఇబ్బంది వచ్చి రైలు కిరునాలో ఆగిపోయింది. మళ్ళీ రేపే అన్నారు. స్టేషన్ నుంచి బయటికి వస్తే ఊరికి ఎదురుగా గని కొండ, దీపాలతో వెలుగుతోంది. చిన్న హాస్టల్లో గది దొరికింది. రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో మంచం సన్నగా అదిరింది. కిటికీ గట్టు మీద గ్లాసులో ఉన్న చెంచా టింగ్‌మంది. భూకంపమేమో అని లేచి కూర్చుంటే, అన్న అటు తిరిగి పడుకొని "గని" అన్నాడు.

పొద్దున హాస్టలు ఆవిడ కాఫీ పోస్తూ చెప్పింది. రోజూ రాత్రి ఆ వేళకే లోపల పేలుస్తారట. ఖనిజం పలక నాలుగు కిలోమీటర్ల పొడవున, నిలువుగా కాకుండా ఏటవాలుగా, ఊరి కిందికే దిగిపోయింది. కింద తవ్వేకొద్దీ పైన నేల కుంగుతుంది. అందుకని ఊరినే జరపాలని 2004లోనే తేల్చారు. "ఈ వీధి కూడా పోతుంది" అని, చక్కెర కావాలా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

బయటికి వచ్చాను. డిసెంబరులో అక్కడ మూడు వారాలు సూర్యుడు పైకి రాడు. కానీ చీకటి అనుకోకండి. పది గంటలకు నీలం వెలుగు వస్తుంది, ఉతికిన బట్టకు నీలిమందు పెట్టినట్టు ఊరంతా ఆ రంగే. దక్షిణం పక్క కాస్త గులాబీ. ఒంటిగంట దాటాక మళ్ళీ నీలం, ఆ తర్వాత నలుపు. ఆ మూడు గంటలూ నేను ఊరంతా తిరిగాను. మసక ఫోటోల కసి ఒకటి, బ్యాటరీలు ఎలాగూ మిగిలాయన్న లెక్క ఒకటి. ఏది కనబడితే అది తీశాను. నగర భవనం మీద ఇనుప గంటగోపురం తీశాను. 1912లో కట్టిన చెక్క చర్చి తీశాను. ఎర్రగా, వాలు కప్పులతో, అక్కడి ఆదివాసులైన సామీ జనం గుడిసె ఆకారాన్ని చూసి కట్టారంటారు.

గని కార్మికుల కోసం కట్టిన పాత చెక్క ఇళ్ళు కొన్ని ఉన్నాయి. నాలుగు వైపులా వాలిన కప్పు, మధ్యలో పొగగొట్టం. ఆ ఆకారం చూసి వాటికి సిరాబుడ్లు అని పేరు పెట్టారు. క్రిస్మస్ ముందు రోజులు కాబట్టి ప్రతి కిటికీలోనూ వెలుగుతున్న కాగితం నక్షత్రం. ఒక ఇంటి ముందు ముసలామె మంచు తోస్తోంది. పక్కన కిక్-స్లెడ్డు, అంటే కింద రెండు పొడవాటి ఇనుప బద్దలు, ముందు చిన్న కుర్చీ, వెనక నిలబడి కాలితో నెట్టుకుంటూ పోయే బండి. కుర్చీలో మనిషి బదులు సామాన్ల సంచీ. నేను కెమెరా ఎత్తి, తీయనా అన్నట్టు చూశాను. ఆమె పార ఆపి, టోపీ సర్దుకొని నిలబడింది. తీశాను. "తాక్" అన్నాను, థాంక్స్ అని. ఆమె తలూపి మళ్ళీ పనిలో పడింది.

ఆ ఆదివారం అమ్మకు కథంతా చెప్పాను. ఊరు జరుపుతున్నారు అనగానే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. నెట్టు ఆగిపోయిందేమో అనుకున్నాను.

"ఎంత టైమిచ్చినారంట?"

"ఇరవై ఏళ్ళకు పైనేనంట."

"మాకు లారీలిచ్చినారు."

అమ్మ పుట్టిన ఊరు సంగమేశ్వరం దగ్గర, కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో శ్రీశైలం నీళ్ళలోకి పోయింది. అప్పటికి అమ్మకు పదమూడేళ్ళు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, టీవీల వాళ్ళు వస్తారు. అమ్మ వాళ్ళ ఇల్లు మట్టి మిద్దె. అది బయటపడేది కాదు. ఆ ఊరి ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. అమ్మ చిన్నప్పటిది ఉన్నదల్లా ఒకటే. నందికొట్కూరు స్టూడియోలో అక్కచెల్లెళ్ళు ముగ్గురూ బిగుసుకొని నిలబడినది. వెనక తెర మీద గీసిన మంచుకొండలు, సరస్సు.

"ఆ ఇండ్లు తీసినావా?" అంది అమ్మ.

తీశాను గానీ బాగా రాలేదమ్మా, అంతా బూడిదగా ఉంది అని ఊరుకున్నాను. చూపించలేదు. ఆ ఫోల్డరుకు వేస్ట్ అని పేరు పెట్టి పక్కన పడేశాను.

మిగతా ఏడాది గబగబా గడిచింది. ఫిబ్రవరి మొదటి గురువారం యొక్‌మొక్ సంతకు పోయాం. 1605 నుంచి జరుగుతున్న సంత. అక్కడ ఒక సామీ పెద్దాయనను, రెయిన్‌డీర్లను పక్కన కట్టుకొని ఉంటే, తమకు ఎన్ని ఉన్నాయని అడిగాను. ఆయన నవ్వి, "చెట్టుకు ఈ పక్క కొన్ని, ఆ పక్క కొన్ని" అన్నాడు. తర్వాత తెలిసింది, అది బ్యాంకులో ఎంతుందని అడగడంతో సమానమట. మన గొర్రెల కాపరిని మాత్రం అలా అడుగుతామా? దిష్టి తగులుతుందని పక్కకు లాగరూ! మార్చిలో నార్వేలోని లోఫోటెన్ దీవులకు పోతే మూడు రోజులూ వాన. పందిళ్ళకు వేలాడదీసిన కాడ్ చేపలు, వాటి తలలు వేరే దండలుగా. ఎర్ర గుడిసెల ఫోటోలు అందరూ తీస్తారు గానీ ఆ వాసన సంగతి ఎవరూ చెప్పరు. మన ఊరి సంతలో ఎండు చేపల వరస గుర్తొచ్చి నాకైతే ప్రాణం లేచొచ్చింది. జూన్‌లో రాత్రనేదే లేకుండా పోయింది. కిటికీకి దుప్పటి కట్టుకొని పడుకొని, దుప్పటి విప్పుకొని ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఉద్యోగం, పెళ్ళి, హైదరాబాదు. మసక లేని అరోరా ఒకటి పెద్దది చేయించి హాల్లో తగిలించాను. వచ్చినవాళ్ళు "వాల్‌పేపరా?" అంటారు. నిజమే, ఇంటర్నెట్‌లో అలాంటివి లక్షలున్నాయి.

2025 ఆగస్టులో కిరునా చర్చిని జరిపారు. విప్పి కాదు, నిలువునా ఎత్తి. 672 టన్నుల చర్చి, వందల చక్రాల బండ్ల మీద, రెండు రోజులు, ఐదు కిలోమీటర్లు. స్వీడన్ టీవీ మొత్తం లైవ్ ఇచ్చింది. నేను ఆఫీసు పని చేసుకుంటూ టీవీలో పెట్టాను. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. చిక్కుడుకాయలు ఒలుస్తూ వచ్చి కూర్చుంది. చర్చి కదులుతోందో లేదో తెలియనంత మెల్లగా పోతోంది, గంటకు అర కిలోమీటరు. రోడ్డు పక్కన జనం.

"తేరు లాగినట్టుందే" అంది.

"నీళ్ళొస్తాయని మన కూడవెల్లి గుడిని కూడా అలంపురానికి ఇట్లనే కదమ్మా తెచ్చింది."

"అది ఊడదీసి రాళ్ళు మోసినారు. మళ్ళా పేర్చినారు." కాయ ఒలిచి, గింజ గిన్నెలో వేసి, "గుళ్ళను ఎట్లనో ఒకట్ల మోస్తారులే" అంది.

కాసేపటికి, "అప్పుడు నువ్వు తీసిన ఇండ్లు యాడుండాయి?" అని అడిగింది. పదమూడేళ్ళ కిందటి మాట. నేను మర్చిపోయాను, ఆమె మర్చిపోలేదు.

పాత హార్డ్ డిస్కు వెతికి పెట్టాను. వేస్ట్ ఫోల్డరు తెరిచాను. గంటగోపురం ఇప్పుడు కొత్త ఊళ్ళో నగర భవనం పక్కన ఉంది, దాని కింది పాత భవనం లేదు. మేం దిగిన ఎర్ర ఇటుకల స్టేషన్ మరుసటి ఏడాదే మూసేశారు, ఇప్పుడు లేదు. సిరాబుడ్డి ఇళ్ళు కొన్నింటిని లారీల మీద వేరే చోటికి తీసుకుపోయారు. అందులో ముసలామె ఇల్లు ఉందో లేదో నాకు తెలియదు. ఫోటో బూడిదగానే ఉంది. ఎక్స్‌పోజర్ ఒకటిన్నర స్టాప్ పైకి జరిపాను. మంచు తెల్లబడింది. కిటికీలో నక్షత్రం లేచింది. ఆమె టోపీ ఎరుపని అప్పుడే తెలిసింది.

అమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని దగ్గరికి జరిగి, కిటికీలు లెక్కపెట్టింది. మెట్లు చూసింది. "సంచిలో ఏముండాది?" అంది. పెద్దది చేసి చూశాం. బ్రెడ్డు, అట్టడబ్బా ఒకటి. "నీ పెరుగేమో" అని నవ్వింది.

తర్వాత చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపి, నీళ్ళ గ్లాసులో వేలు ముంచి, బల్ల మీద నల్ల బండపై గీతలు గీయడం మొదలుపెట్టింది. "ఇది వాకిలి. ఈ పక్క కట్ట, మా నాయన కూర్చునేది ఈడనే. ఇట్లొస్తే పశువుల కొట్టం. ఇది వంటిల్లు, పైన గవాక్షి, ఎండ సరిగ్గా పొయ్యి మీద పడతాండె. ఇది గాదె. ఇట్ల మిద్దెక్కే నిచ్చెన..."

వేలు మళ్ళీ నీళ్ళలో ముంచింది. నేను ఫోను కోసం జేబులు తడుముకున్నాను. ఫోను దొరికి కెమెరా తెరిచేసరికి, పైన ఫ్యాను గాలికి, వాకిలీ కట్టా ఆరిపోయాయి. వంటింట్లో సగం మిగిలింది.

"ఉండమ్మా, మళ్ళీ గియ్యి" అన్నాను.